ఇంటికి లైటింగ్ పెట్టించేటప్పుడు

(వార్షిక సర్వసభ్య సమావేశంలో మండల సమాఖ్య కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి రికవరీ ఇప్పటికే చదివేశారు. మాకు ఇచ్చిన సమయంలో ఏ జీవనోపాధి పథకం గురించో చెబుతామని మీరు అనుకుని ఉంటారు. మేము మాత్రం సీరియల్ సెట్ల గురించి మాట్లాడదామని వచ్చాం. నవ్వకండి. నవ్వేవాళ్ళలో కూడా పోయిన పండక్కి ఇంటిముందు లైటింగ్ పెట్టించినవాళ్ళు సగంమంది ఉంటారు.

మన చిన్నప్పుడు దీపావళి అంటే గడపకు నాలుగు ప్రమిదలు, పిట్టగోడ మీద వరస. ఇప్పుడు వినాయకచవితికి మొదలైతే సంక్రాంతి దాకా ఏదో ఒక ఇంటిమీద బల్బులు వెలుగుతూనే ఉంటాయి. డిసెంబరు వచ్చిందంటే క్రైస్తవుల ఇళ్ళమీద స్టార్లు. మధ్యలో పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు. తప్పని మేము అనడంలేదు. ఏడాదంతా కష్టపడ్డ ఇంటిని నాలుగురోజులు వెలిగించుకోవాలని ఎవరికుండదు? కానీ ఆ బల్బులు వాటంతటవి మేడెక్కవు. ఎవరో ఒకరు ఎక్కి కట్టాలి. మనం మాట్లాడేది ఆ ఎక్కే మనిషి గురించి.

పోయిన దీపావళికి ముందురోజు మన సమాఖ్య పరిధిలోనే ఒక సంగతి జరిగింది. అది మీలో చాలామందికి తెలుసు, తెలిసినదానికంటే ఎక్కువ కల్పించుకున్నవాళ్ళూ ఉన్నారు. అందుకే ఇద్దరు అక్కల్నీ అడిగి, వాళ్ళు సరే అన్నాకే చెబుతున్నాం. పేర్లు చెప్పం, ఊరూ చెప్పం.

ఒక అక్క ఇంటికి కొత్త అల్లుడు మొదటి దీపావళికి వస్తున్నాడు. అమ్మాయి పెళ్ళికి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు, అయినా అల్లుడి ముందు ఇల్లు బోసిగా ఉండకూడదని సంఘంలో చిన్న అప్పు తీసుకుంది. ఆ అప్పు ఇచ్చింది మనమే. కారణం గడిలో 'ఇంటి అవసరం' అని రాసుకున్నాం. లైటింగ్ ఆయన్ని పిలిస్తే రెండంతస్తులకూ కలిపి ఒక రేటు చెప్పాడు. అక్క అందులో సగానికి బేరమాడింది. మనం అందరం ఆడతాం. ఆయన కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. తగ్గించిన డబ్బు ఎక్కడినుంచి తగ్గిందో ఆరోజు ఎవరూ ఆలోచించలేదు. తరవాత తెలిసింది. రెండో మనిషిని తీసుకురాలేదు, వెదురు నిచ్చెన బదులు దగ్గర్లో దొరికిన ఇనప నిచ్చెన వేశాడు, పాత సెట్లు తెచ్చాడు, జాయింట్లకు టేపు చుట్టలేదు.

పైకెక్కింది ఆయన కాదు. ఇంటర్ రెండో సంవత్సరం చదివే పదిహేడేళ్ళ పిల్లాడు. వాళ్ళమ్మ ఇంకో సంఘంలో సభ్యురాలు. పండగ సెలవుల్లో కూలికి వస్తే పుస్తకాల ఖర్చుకు పనికొస్తుందని పంపింది. సాయంత్రం జల్లు పడింది. వాన ఆగాక చూద్దామని ఎవరూ అనలేదు, ఎందుకంటే రాత్రికి అల్లుడు దిగుతున్నాడు. టేపులేని జాయింటు మేడమీది ఇనప గ్రిల్లుకు ఆనుకుని ఉంది. గ్రిల్లు తడిసింది. పిల్లాడు తడి నిచ్చెన మీద నిలబడి గ్రిల్లు పట్టుకున్నాడు. షాకు కొట్టి విసిరేసింది, సజ్జ మీద పడి అక్కణ్ణుంచి కిందకు జారాడు. తొడ ఎముక విరిగింది. సజ్జ అడ్డు లేకపోతే ఏమయ్యేదో తలుచుకోవడం మాకు ఇష్టంలేదు.

తరవాత జరిగింది ఇంకా కష్టం. తల్లి వచ్చి, 'మీ ఇంటి దీపాల కోసం నా కొడుకు పడ్డాడు' అంది. ఇంటి అక్క, 'నేను బేరం చేసింది లైటింగ్ ఆయనతో, మీ అబ్బాయి వస్తాడని నాకేం తెలుసు' అంది. లైటింగ్ ఆయన, 'వాడే జాగ్రత్తగా లేడు' అన్నాడు. మూడు మాటల్లో ఒక్కటీ పూర్తి అబద్ధం కాదు, అదే చిక్కు. తల్లి మూడు నెలలు సంఘం మీటింగుకు రాలేదు, పొదుపు కట్టలేదు. ఆమె పక్కన ఇద్దరు, ఈమె పక్కన నలుగురు చేరారు. నెలవారీ సమావేశంలో ఇదే గొడవ. బీమా ఏమైనా వస్తుందేమో అని మేము బ్యాంకుకు వెళ్ళాం. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు పద్దెనిమిదేళ్ళు నిండాలి, పిల్లాడికి నిండలేదు. నిండి ఉన్నా అది ప్రమాదంలో ప్రాణం పోతేనో, శాశ్వతంగా అవయవం పనికిరాకుండా పోతేనో ఇచ్చేది. ఎముక విరిగి అతుక్కుంటే రాదు.

చివరకు లైటింగ్ ఆయన కొంత, ఇంటి అక్క కొంత పెట్టుకున్నారు. మిగిలినది సమాఖ్య నుంచి తల్లికి వడ్డీలేని అప్పుగా ఇచ్చాం. అంటే దెబ్బ తగిలిన ఇంటివాళ్ళే ఇంకా వాయిదాలు కడుతున్నారు. ఇది న్యాయమా అని మమ్మల్ని అడిగితే మా దగ్గర మంచి జవాబు లేదు. పిల్లాడు ఇప్పుడు నడుస్తున్నాడు, కొంచెం కుంటు ఉంది. పరీక్ష ఒక ఏడాది పోయింది.

ఇది జరిగాక మేము ఇద్దరు ఎలక్ట్రీషియన్లను, మా లైన్‌మన్‌ను కూర్చోబెట్టుకుని అడిగాం. వాళ్ళు చెప్పినదాంట్లో మాకు అర్థమైనది మన భాషలో చెబుతాం.

మొదటిది, 'చిన్న బల్బే కదా' అనే మాట మర్చిపోండి. పాత రకం సీరియల్ సెట్టులో నలభై బల్బులు ఒకదాని వెనక ఒకటి ఉంటే ఒక్కో బల్బుకు వచ్చేది ఐదారు వోల్టులే. కానీ బల్బు ఊడిన హోల్డరులో వేలు పెడితే తగిలేది ఐదారు కాదు, 230 వోల్టులు. ఇప్పటి ఎల్‌ఈడీ సెట్లలోనూ, నేరుగా ప్లగ్గులో పెట్టేవాటి తీగలో చాలావరకు ఇంటి కరెంటే పారుతుంది. దారమంత సన్నగా ఉందని మనం చీరల తీగమీద, ఇనప గేటుమీద చుట్టేస్తాం. అడాప్టరుతో వచ్చే తక్కువ వోల్టేజి సెట్లు వేరు, అవి కాస్త ధర ఎక్కువ, పిల్లలు తిరిగే ఇంటికి అవే మంచివి.

రెండోది మాకు అసలు తెలియనిది. మన ఇళ్ళలో ఎమ్‌సీబీ ఉందిగా, అదే కట్ చేస్తుందిలే అనుకుంటాం. ఎమ్‌సీబీ వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు. దానిమీద 10 అనో 16 అనో రాసి ఉంటుంది, అన్ని ఆంపియర్లు దాటితేనే పడిపోతుంది. మనిషి ప్రాణం తీయడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. మనిషి ఒంట్లోంచి నేలకు కారే కరెంటును పసిగట్టి కట్ చేసేది ఆర్‌సీసీబీ. ఇళ్ళకు వాడేది 30 మిల్లీ ఆంపియర్లది, దానిమీద ఒక పరీక్ష బటన్ ఉంటుంది. బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే. ఆరోజు ఆ ఇంట్లో ఇదొక్కటి ఉంటే గ్రిల్లు పట్టుకోగానే కరెంటు పోయేది. ఉలిక్కిపడి జారేవాడేమో, అంత దెబ్బ తగిలేది కాదని ఎలక్ట్రీషియన్ చెప్పాడు.

కొండి వేయడం గురించి కూడా చెప్పాలి, చాలామందికి కోపం వచ్చినా సరే. పండగ నాలుగురోజులే కదా అని స్తంభం మీద లైనుకు కొండి తగిలించి లైటింగ్ వెలిగిస్తున్నారు. అది దొంగతనం, విద్యుత్ చట్టం 135 సెక్షను కింద మూడేళ్ళ దాకా జైలు. జైలు సంగతి అలా ఉంచండి, ఆ కొండికి ఫ్యూజు ఉండదు, మెయిను ఉండదు, ఎవరికైనా తగిలితే ఆపే దారి లేదు. అంత చేసి మిగిలేది ఎంతో లెక్క వేశాం. ఒక్కో ఎల్‌ఈడీ సెట్టు 10 వాట్లు అనుకున్నా పది సెట్లకు 100 వాట్లు. రాత్రికి ఆరు గంటలు వెలిగితే అర యూనిట్టు పైన. ఐదు రాత్రులకు మూడు యూనిట్లు. మూడు యూనిట్ల కోసం స్తంభం ఎక్కుతారా అక్కా?

ఖర్చంతా కట్టే పనిదే. అందుకే బేరం ఆడొద్దని మేము చెప్పం, దేనిమీద బేరం ఆడుతున్నారో తెలుసుకుని ఆడండి. రోజులు తగ్గించుకోండి, ఐదు రోజులకు బదులు మూడు. రెండంతస్తులకు బదులు ముందు వైపు ఒక్కటే కట్టించుకోండి. సెట్లు మీరే కొనుక్కుని కట్టుబడి మాత్రం ఆయనకివ్వండి, వచ్చే ఏడాదికి అవే పనికొస్తాయి. నిచ్చెన మీద, టేపు మీద, రెండో మనిషి కూలి మీద మాత్రం తగ్గించకండి.

అడ్వాన్సు ఇచ్చే ముందే అడగండి. ఎవరు ఎక్కుతారు, వాళ్ళ వయసెంత? కింద నిచ్చెన పట్టుకునేవాడు వస్తున్నాడా? తీసేసేది కూడా ఈ రేటులోనేనా? ఇది అడగకపోతే పండగ అయ్యాక ఆయన ఫోను ఎత్తడు, వారం తరవాత మన మగవాళ్ళే లుంగీ ఎగ్గట్టి పిట్టగోడ ఎక్కుతారు. మా కార్యవర్గంలోనే ఒకరి ఇంట్లో అలా జరిగింది, ఎవరో చెప్పం. మధ్యలో లైన్లు ఆరిపోతే ఎవరొస్తారో కూడా అడగండి. రాత్రి పూట మనవడిని పంపి తీగ కదిలించి చూడమనడం మన ఊళ్ళలో పెద్ద అలవాటు.

ఇంటిమీదుగా, పక్కగా 11 కేవీ లైను పోతున్నవాళ్ళు ఇంకో మాట వినాలి. నిబంధన ప్రకారం ఆ లైను ఇంటికి పైన 3.7 మీటర్లు, పక్కన 1.2 మీటర్లు దూరంలో ఉండాలి. మనవాళ్ళు మేడమీద మేడ వేసుకుంటూ పోయి చెయ్యి చాపితే అందేలా చేసుకున్నారు. అక్కడ ఇనప నిచ్చెన గానీ, అల్యూమినియం నిచ్చెన గానీ ఎత్తకూడదు. స్టారు కోసం నిలబెట్టే ఇనప గొట్టం కూడా అంతే. అనుమానం ఉంటే 1912కు ఫోను చేసి చెప్పండి, లేదా లైన్‌మన్‌ను పిలిచి చూపించాకే పని మొదలుపెట్టించండి.

ఎవరికైనా షాకు కొడితే పరిగెత్తికెళ్ళి పట్టుకోకూడదు. తల్లి ప్రాణం ఆగదు, నిజమే, కానీ పట్టుకుంటే ఇద్దరూ అతుక్కుంటారు. ముందు మెయిను ఆపాలి. ఆపలేకపోతే పొడి కర్రతోనో, ప్లాస్టిక్ కుర్చీతోనో ఇంటి కరెంటు తీగను పక్కకు నెట్టాలి. పెద్ద లైనైతే కర్ర కూడా పనికిరాదు, దూరంగా ఉండి కరెంటు ఆపించాలి. వెంటనే 108. కాబట్టి లైటింగ్ కట్టే రోజున మెయిను ఎక్కడుందో ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి, దాని ముందు బియ్యం బస్తాలు పెట్టకూడదు.

ఇప్పుడు రెండో వైపు. లైటింగ్ పని మన ఇళ్ళవాళ్ళకే జీవనోపాధి కూడా. మన సభ్యుల భర్తలు, కొడుకులు ఈ పనిలో ఉన్నారు, సెట్లు, జనరేటరు కొనుక్కోవడానికి మన దగ్గరే అప్పు తీసుకున్నవాళ్ళున్నారు. ఆ అప్పులు మానేద్దామని మొదట కోపంలో అనుకున్నాం. మానేస్తే బయట వడ్డీకి తెచ్చుకుంటారు, పని అలాగే చేస్తారు. అందుకని షరతులు పెడుతున్నాం. లైటింగ్ వ్యాపారానికి సమాఖ్య అప్పు కావాలంటే ఆర్‌సీసీబీ ఉన్న బోర్డు, వెదురు నిచ్చెన లేదా ఫైబరు నిచ్చెన, టెస్టరు కొన్న బిల్లు చూపించాలి. పద్దెనిమిది నిండనివాళ్ళను పైకెక్కించకూడదు. పనిచేసే ప్రతి మనిషికీ బ్యాంకు ఖాతా ద్వారా సురక్షా బీమా ఉండాలి, ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు. టీ ఖర్చంత. ఈ షరతులు కఠినమని ఒక గ్రామ సమాఖ్య అభ్యంతరం రాసి పంపింది, దానిమీద మధ్యాహ్నం చర్చ ఉంది, చేతులెత్తి చెప్పండి.

ఇంటి అక్క, ఆ తల్లి ఇప్పుడు మాట్లాడుకుంటున్నారా అని పొద్దున్నుంచి నలుగురు అడిగారు. ఎదురుపడితే పలకరించుకుంటున్నారు. తల్లి మళ్ళీ మీటింగుకు వస్తోంది. అంతవరకే మాకు తెలుసు, అంతకంటే అడగలేదు.

సమాఖ్య డబ్బుతో రెండు ఆర్‌సీసీబీ బోర్డులు, ఒక ఫైబరు నిచ్చెన కొన్నాం. ఆఫీసులో ఉన్నాయి. సభ్యులకు అద్దె లేదు. తీసుకెళ్ళేటప్పుడు వీఓఏ దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టండి, అక్కడే పరీక్ష బటన్ నొక్కి చూసుకుని తీసుకెళ్ళండి. లైట్లు దింపిన మర్నాడే తెచ్చి ఇవ్వాలి, వెనకాల ఇంకో ఇల్లు కాచుకుని ఉంటుంది.