ఉచిత వైద్యానికి ఖర్చు ఎవరిది?



డోన్ సర్కారు ఆసుపత్రిలో చీటీ రాయిస్తే మందులు ఊరికే ఇస్తారు. అక్కడ నయం కాకపోతే కర్నూలు పెద్దాసుపత్రికి పంపుతారు. అక్కడా వైద్యం ఉచితమే. మరి ఆ మందులకు, సూదులకు, డాక్టర్ల జీతాలకు డబ్బు ఎక్కడిది?

అది ప్రజల డబ్బే. సబ్బు కొన్నా, అగ్గిపెట్టె కొన్నా ధరలో పన్ను ఉంటుంది. ఆ పన్నులతోనే ఆసుపత్రి నడుస్తుంది.

డోన్ పక్క పల్లెలో ఒక ఇల్లు ఉందనుకోండి. ఇంటాయనకు బీపీ ఉంది. నొప్పి లేదు కదా అని మాత్ర మానేశాడు. రొట్టెలోకి రోజూ ఊరగాయ ఉండాల్సిందే. బీడీ మానలేదు. కొన్నేళ్లకు మూత్రపిండాలు చెడిపోయాయి. ఇప్పుడు వారానికి రెండు మూడు సార్లు మిషనుతో రక్తం శుద్ధి చేయించుకోవాలి. దీన్నే డయాలసిస్ అంటారు. ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు పడుతుంది. ఈ ఖర్చును డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ భరిస్తుంది. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకమే ఇది. కానీ ఆయన కూలి పోయింది. తోడు వెళ్లే భార్య కూలీ పోయింది. వాటిని ఎవరిస్తారు?

బీడీ, గుట్కా సంగతి చూడండి. 2017-18లో పొగాకు జబ్బుల మీద దేశంలో లెక్క కట్టారు. వైద్యం ఖర్చు, పోయిన సంపాదన, ముందే పోయిన ప్రాణాలు, అన్నీ కలిపి నష్టం సుమారు 1 లక్షా 77 వేల కోట్ల రూపాయలు. పొగాకు మీద 100 రూపాయల ఎక్సైజు పన్ను వస్తే, 816 రూపాయల నష్టం!

అలాగని జబ్బుపడినవారిని తిట్టరాదు. రాళ్ల దుమ్ము వల్ల, చెడ్డ నీళ్ల వల్ల కూడా జబ్బులు వస్తాయి. వైద్యం అందరి హక్కు. అయితే ఆపగలిగిన జబ్బును ఆపితే ఆ డబ్బు కాన్పులకు, పసిపిల్లల వైద్యానికి మిగులుతుంది.

ఏం చేయాలి? 30 ఏళ్లు దాటితే నర్సమ్మ దగ్గర బీపీ, షుగరు చూపించుకోవాలి. డాక్టరు చెప్పకుండా మాత్ర మానరాదు. కూర, పచ్చడి, ఊరగాయ అన్నీ కలిపి మనిషికి రోజుకు ఒక టీస్పూను ఉప్పు దాటరాదు. బీడీ, గుట్కా, తాంబూలంలో పొగాకు మానాలి.

ఇంట్లో ఒక్కరు చెబితే మగవాళ్లు వింటారా అంటారేమో. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చిన ఆడవాళ్లు కలిసికట్టుగా సారా మీద తిరగబడ్డారు. ఆ పోరాటం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఒక్కరి మాట గడప దాటదు. పదిమంది మాట ఊరంతా వింటుంది.