కుందేలు పిల్లకు ట్రే అలవాటు

బేతంచెర్లలో కుందేలు పిల్లను పెంచుకునేవాళ్లకు ఒక వసతి ఉంది: బండలు. పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర పడుండే బండ ముక్కొకటి తెచ్చి నీడలో వేయండి. ఎండాకాలం పిల్ల దాని మీదే సాగిలపడి ఉంటుంది. కుందేలు మనలా చెమట పట్టి చల్లబడదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల నుంచే పోవాలి. 30 డిగ్రీలు దాటితే దానికి కష్టమే. ఇక మన మే నెల సంగతి చెప్పాలా!

ఒంటికీ రెంటికీ కుందేలు తనంతట తానే ఒక మూల చూసుకుంటుంది. మనం చూపిన చోటికి అది రాదు, అది చూసుకున్న చోటికే ట్రే వెళ్లాలి. అడుగున చింపిన పేపరు, పైన ఎండుగడ్డి, దాని పెంటికలే నాలుగు వేయండి. గడ్డి నములుతూ అక్కడే పని కానిస్తుంది. బయట పోస్తే కొట్టొద్దు, అరవొద్దు. వెనిగర్ కలిపిన నీళ్లతో వాసన పోయేలా తుడవండి. ఒక్కోసారి మెత్తటి పెంటికల్ని కిందపడకముందే నోటితో అందుకుని తింటుంది. అసహ్యపడకండి, దానికి కావలసిన విటమిన్లు అందులో ఉన్నాయి.

చెవులు పట్టుకుని ఎత్తొద్దు. ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి పిర్రల కింద ఉండాలి. కాళ్లు గాల్లో వేలాడితే తన్నుకుంటుంది, ఆ విసురుకు వెన్నెముకే విరగొచ్చు. చిన్నపిల్లలైతే నేల మీద కూర్చుని ఒళ్లోకి తీసుకోవడం మేలు.

చేలల్లో కనబడే చెవులపిల్లిని మాత్రం ఇంటికి తేవొద్దు. అది వేరే జాతి, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పట్టడం నేరం.