స్పంజిక చూపిన మందు



రక్త క్యాన్సర్ అనగానే తల్లిదండ్రుల గుండె జారిపోతుంది. ఆ వ్యాధికి వాడే సైటరబిన్ అనే మందుకు మూలం సముద్రపు అడుగున కదలక మెదలక పడి ఉండే స్పంజిక. కరీబియన్ స్పంజికలో వెర్నర్ బెర్గ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు గుర్తించిన పదార్థాలను 1951 నాటికి లోకం ఎరిగినది. అవి జన్యుపదార్థపు ఇటుకలను పోలినవే. వాటిలోని చక్కెర మాత్రం వేరు, అరబినోజ్. ఆ నమూనాపై ప్రయోగశాలలో తయారైన సైటరబిన్‌కు 1969లో అమెరికాలో అనుమతి లభించినది. క్యాన్సర్ కణం దానిని తన ఇటుకే అని భ్రమించి పేర్చుకుంటుంది; అంతటితో కట్టడం ఆగిపోతుంది. ఎంత చక్కని మోసం!

పిల్లల చికిత్సలో దీనికి తోడు నిలిచే మెథోట్రెక్సేట్, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం కృషి ఫలితం. బెంగళూరులో 1973లో వెలసిన కిద్వాయి ఆసుపత్రి ఇటువంటి రోగులకు ఆశ్రయం. ఈ మందులు మంచి కణాలనూ బాధిస్తాయి. జుట్టు రాలినదని బెదరి చికిత్సను నడుమ మాన్పించేవారున్నారు. జుట్టు తిరిగి మొలుస్తుంది.