మన మనస్సులోని కోట

నేటి ధ్యాన భాగము 2 కొరింథీయులకు 10వ అధ్యాయము, 4, 5 వచనములు.

మన బైబిలులో 'దుర్గములు' అని ఉన్నచోట గ్రీకులో 'ఒఖురోమ' అనే మాట ఉన్నది. శత్రువు చొరబడకుండ బలపరచిన కోట అని దాని అర్థము. క్రొత్త నిబంధనలో ఈ మాట ఇక్కడ ఒక్కచోటనే కనబడుతుంది. కొరింథువారికి ఇది తెలియని సంగతి కాదు. వారి పట్టణమును ఆనుకొని యున్న అక్రోకొరింథు కొండ, సుమారు 575 మీటర్ల ఎత్తున, పూర్వమునుండి కోటగా పేరుపొందినది.

అయితే పౌలు చెప్పే కోట రాళ్లది కాదు. తరువాతి వచనము చూడండి: వితర్కములు, అనగా మనము పేర్చుకొనే వాదనలు. "తప్పు తమ్ముడిదే, ముందు వాడే రావాలి" అని ఏళ్ల తరబడి రాయిమీద రాయి పెడతాము. కాపుదలకు కట్టుకొన్న కోటలో చివరకు మనమే ఖైదీలమవుతాము. తమ్ముని బిడ్డ పెండ్లికైనా వెళ్లలేము.

దీనిని పడగొట్టే ఆయుధమేది? 1వ వచనములో పౌలు క్రీస్తు సాత్వికమును బట్టి బ్రతిమాలుతున్నాడు. తనను బలహీనుడన్నవారినే బ్రతిమాలుతున్నాడు! ప్రియులారా, నేడే ఆ తమ్ముని పేరెత్తి ప్రార్థించండి. మొదటి రాయి అక్కడే కదులుతుంది. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.