బాలింత నొప్పి: చెప్పుకొనదగినదే



వంశధార సముద్రమున గలియు కళింగపట్నపు తీరమున, పడవలు దరిచేరగనే చేపల గంపలు తల కెత్తుకొను స్త్రీలను మీ రెరుగుదురు. అంత బరువు మోయుచు నోరెత్తని ఆ తల్లులు పురిటింటను నోరెత్తరు. "బిడ్డ దక్కినది గదా, ఈ నొప్పి యొక లెక్కయా?" అందురు. ఆ మౌనమును గూర్చియే నేటి ప్రసంగము.

కానుపు వేళ బిడ్డ తల వెలువడునపుడు యోనికిని మలద్వారమునకును నడుమ గల భాగము సాగును, ఒక్కొక్కప్పుడు చిరుగును. అవసరమైనచో వైద్యులే కొద్దిగా కోసి, పిదప కుట్లు వేయుదురు. ఈ కుట్లు సాధారణముగా వాటంతట అవే కరగిపోవును. నొప్పి దినదినమునకు తగ్గుచుండవలెను.

తొలి రెండు మూడు దినములు చల్లదనము మేలు చేయును. ఐసును శుభ్రమైన గుడ్డలో చుట్టి, 10 నిమిషములు అచ్చట నుంచవచ్చును. చేపల పెట్టెలలోని ఐసు మాత్రము పనికిరాదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన సూచనలలో చల్లదనమును, పారాసిటమాల్ మాత్రయు గలవు. వైద్యులు చెప్పిన మోతాదులో ఆ మాత్రను పాలిచ్చు తల్లియు వేసికొనవచ్చును. మలమూత్ర విసర్జన పిమ్మట ముందునుండి వెనుకకు కడిగికొని, మెత్తగా అద్ది, పొడిగా నుంచుకొనవలెను. గుడ్డలను తరచుగా మార్చవలెను. ప్రక్కకు ఒరిగి పరుండి పాలిచ్చినచో కుట్లపై బరువు పడదు.

ఇక అత్తగార్లకు, అమ్మలకు ఒక మనవి. పచ్చి బాలింతకు నీరు తగ్గించుట మనలో పలువురి పథ్యము. నీరు చాలనిచో మలము గట్టిపడును. ముక్కినకొలది కుట్లు లాగి నొప్పి హెచ్చును. దాహము తీర నీరిండు; ఆకుకూరలు, పండ్లు పెట్టుడు. ఆమె కది మందుతో సమానము.

నొప్పి తగ్గక పెరిగినను, జ్వరము, దుర్వాసన, చీము కనిపించినను, కుట్లు విడినను, మూత్రము రాకున్నను, మలము ఆపుకొనలేకున్నను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. రక్తము ధారగా పోవుచున్నచో వెంటనే 108కి ఫోను చేయుడు.

ఆసుపత్రిలో కానుపైనను, 42వ దినము లోపల ఆశా కార్యకర్త ఆరుమార్లు ఇంటికి రావలసియున్నది. ఆమె బిడ్డను తూచునపుడు, తల్లీ, నీ నొప్పిని గూర్చియు చెప్పుము. అది సిగ్గుపడవలసిన మాట కాదు.