రాని మనిషి ఎందుకు రాలేదో అడగాలె

(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగ పాఠం)



నేను పదో తరగతి వరకు చదివిన. ఇంతమంది ముందర మైకు పట్టుకునుడు ఇదే మొదటిసారి. తప్పులుంటే మన్నించండి. మా సంఘం పొదుపు ఎంత, తీసుకున్న అప్పు ఎంత, కట్టింది ఎంత అనేది రిపోర్టులో లెక్కల పేజీల ఉన్నది. దాని గురించి చెప్పను. లెక్కల్లోకి రాని ఒక సంగతి చెప్త. అందులో నా తప్పు కూడా ఉన్నది.

మాది పాలమూరు దిక్కు ఊరు. పెండ్లి అయినంక బతుకుదెరువుకు మణికొండ వచ్చినం. మా ఆయన ఆటో నడుపుతడు. నేను అపార్ట్‌మెంట్లల్ల వంట పని చేసేదాన్ని. మాకు ఒక్కడే కొడుకు, ఇప్పుడు ఎనిమిదేండ్లు. తొమ్మిది నెలల పిల్లగానిగా ఉన్నప్పుడే తెల్లగా పాలిపోయిండు, పాలు సరిగ్గ తాగకపోవు, ఊరికే జ్వరం వచ్చు. దిష్టి తగిలిందని కొన్ని దినాలు తాయెత్తు కట్టించినం. తర్వాత రక్తపరీక్ష చేస్తే థలసీమియా మేజర్ అన్నరు. మాది మేనరికం. మా ఆయనకు, నాకు ఇద్దరికీ ఆ లక్షణం రక్తంల ఉన్నదట. మాకు ఏ రోగమూ లేదు, ఏనాడూ తెలువదు. తల్లిదండ్రులిద్దరికీ ఉంటే ప్రతి కాన్పుల నాలుగింట ఒక పాలు బిడ్డకు జబ్బు రావచ్చని డాక్టరమ్మ కాగితం మీద గీసి చూపించింది.

ఈ జబ్బు ఉన్న పిల్లల ఒంట్లో మంచి రక్తం తయారు కాదు. రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి బయటి రక్తం ఎక్కించాలె. మా వానికి 21 రోజులకు ఒకసారి. ముందు శాంపిల్ ఇయ్యాలె, రక్తం సరిపోల్చాలె, దొరికినంక ఎక్కించాలె. సూది పెట్టినంక మూడు నాలుగు గంటలు పడుతది. రక్తం ఎక్కించినకొద్దీ ఒంట్లో ఇనుము పేరుకుంటది. అది గుండెకు, కాలేయానికి చేటు. అది బయటికి పోవడానికి రోజూ గోళీ వేయాలె, ఒక్కరోజు కూడా తప్పొద్దు. జ్వరం తగ్గితే మర్చిపోయే జబ్బు కాదు ఇది.

నేను ఇట్ల నెలకు రెండు మూడు రోజులు సెలవు పెడుతుంటే వంట పని పోయింది. ఆ ఇంటామె మంచిదే, కానీ "నీ బాధ నాకు అర్థమైతది గానీ, నాకు రోజూ మనిషి కావాలె" అన్నది. అప్పుడు సంఘంల అప్పు తీసుకొని కుట్టుమిషన్ కొన్న. ఫాల్, పీకో, జాకెట్లు కుడుత. ఇంట్ల ఉండి చేసే పని కాబట్టి బాబును చూసుకుంట. సంఘం లేకపోతే నేను ఈ రోజు ఎక్కడ ఉండేదాన్నో తెలువదు. అందుకే సంఘం మీద నాకు కోపం లేదు. ఇంటి మనిషి ఇంటి లోపలి మాట చెప్పినట్టు చెప్తున్న.

మనకు పంచసూత్రాలు ఉన్నయి. క్రమం తప్పకుండ మీటింగు, పొదుపు, అంతర్గత అప్పులు, వాయిదాల చెల్లింపు, పుస్తకాలు. ఇందులో మొదటిదే హాజరు. మీటింగు లేకపోతే సంఘం లేదు. బ్యాంకు వాళ్లు అప్పు ఇచ్చే ముందు కూడా అదే చూస్తరు. అందుకే మా సంఘంల గైర్హాజరుకు 20 రూపాయల జరిమానా, చెప్పకుండ వరుసగ మూడుసార్లు రాకపోతే పేరు తీసేసుడు అని తీర్మానం చేసుకున్నం. అప్పుడు 12 మందిమి ఉంటిమి.

మా మీటింగు శనివారం రాత్రి 7 గంటలకు. అందరు డ్యూటీలు చేసుకొని వచ్చేవాళ్లే. బాబుకు రక్తం ఎక్కించేది కూడా శనివారమే, బడి ఎక్కువ పోవద్దని. ఇక్కడి నుండి బస్సుల మెహిదీపట్నం, అక్కడి నుండి ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల కింద అత్తాపూర్ మీదుగ ఆరాంఘర్ దిక్కు. ఆడవాళ్లకు ఫ్రీ కాబట్టి నాకు టికెట్ లేదు, వానికి హాఫ్ టికెట్. పొద్దుగాల పోతే ఇల్లు చేరేసరికి రాత్రి 8 దాటుతది. అంటే ప్రతి మూడో శనివారం నేను మీటింగుకు ఉండను. రెండో లీడరు నడిపించేది. తెల్లారి నేను పుస్తకం రాసేదాన్ని. నా పేరు ముందర "బాబు దవాఖాన, మినహాయింపు" అని రాసుకునేదాన్ని. ఎవ్వరూ ఏమనలేదు. అందరికీ నా కొడుకు సంగతి తెలుసు, జాలి పడేటోళ్లు.

మా సంఘంలనే ఒక అక్క ఉండె. ఒక ఆఫీసుల హౌస్‌కీపింగ్ పని. తక్కువ మాట్లాడే మనిషి. ఆమె బిడ్డకు ఫిట్స్ వస్తయి. ఎప్పుడు వస్తయో తెలువదు. ఆ సంగతి ఆమె మాకు చెప్పలేదు. ఆడపిల్ల, రేపు పెండ్లి కావాలె, నలుగురికి తెలిస్తే ఎట్ల అని భయం. ఒక వారం రాలేదు, జరిమానా వేసినం. రెండో వారం రాలేదు, వేసినం. మూడో వారం పేరు తీసేసినం. ఆమె వచ్చి పొదుపు లెక్క చూసుకొని, అప్పు పోను మిగిలిన పైసలు తీసుకొని, సంతకం పెట్టి పోయింది. ఒక్క మాట అనలేదు. మేము కూడా "ఎందుకు రాలేదు?" అని అడగలేదు.

పోయినేడు ఆడిట్ కోసం పాత తీర్మానాల పుస్తకం తీసిన. ఒక పేజీల నా పేరు ముందర "మినహాయింపు" అని ఉన్నది. దాని కింద రెండు లైన్ల తర్వాత ఆమె పేరు, "గైర్హాజరు, జరిమానా 20". రెండూ నా చేతిరాతే. అప్పటికే ఆమె బిడ్డ సంగతి ఎవరో చెప్పంగ విన్న. ఆ పేజీ చూసి చాలాసేపు కూర్చుండిపోయిన. నా కొడుకు జబ్బు జబ్బు అయింది, ఆమె బిడ్డ జబ్బు గైర్హాజరు అయింది. ఎందుకంటే నేను లీడరును, నోరున్నదాన్ని. జాలి ఎవరి మొఖం తెలిస్తే వాళ్లకే దొరుకుతది.

నెక్నాంపూర్‌ల ఆమె రూముకు పోయిన. చాయ పోసింది. తప్పైంది అక్కా, మళ్లీ చేరమని అడిగిన. ఆమె అన్నది, "చెల్లె, నేను నియమం తప్పిన మాట నిజమే. మీరు జరిమానా వేసినందుకు నాకు బాధ లేదు. ఒక్కరన్న ఇంటికొచ్చి తలుపు కొడతరేమో అని చూసిన." ఆ మూడు వారాలల్ల బిడ్డను దవాఖానల పెట్టి, రోజువారీ ఫైనాన్స్ దగ్గర అప్పు తెచ్చిందట. మన సంఘం పెట్టిందే ఆ మిత్తి నుండి తప్పించుకునేందుకు. సంఘం అవసరమైన వారంలనే మేము ఆమెను బయటికి పంపినం.

ఈ మాట మీటింగుల పెట్టిన. ఊరికే ఒప్పుకోలేదు. ఒక వదిన అన్నది, "ఒకరికి ఇస్తే అందరు అడుగుతరు. నాకు నడుము నొప్పి, నాకూ మినహాయింపు కావాలె." ఇంకొకామె, "హాజరు తగ్గితే బ్యాంకు ఇయ్యదు, మా అందరి అప్పు ఆగితది" అన్నది. అవి తీసెయ్యదగ్గ మాటలు కావు. నాలుగు వారాలు మాట్లాడుకున్నం.

అప్పుడు మా అమ్మ యాదికొచ్చింది. అమ్మ ఊర్ల ఉపాధి పనికి పోయేది. 2005ల వచ్చిన ఉపాధి హామీ చట్టంల ఒక మాట రాసిండ్రు. పని దగ్గరికి తల్లుల వెంట వచ్చిన ఆరేండ్ల లోపు పిల్లలు అయిదుగురు, అంతకన్న ఎక్కువ ఉంటే, ఆ పనోళ్లల్ల ఒక ఆమెను పిల్లలను చూసుకునేందుకు పెట్టాలె, ఆమెకు కూడా కూలి ఇయ్యాలె. అంటే మట్టి తవ్వుడు ఎంత పనో, పిల్లను పట్టుకునుడు అంతే పని. కేరళల ఆశ్వాసకిరణం అని ఒక పథకం ఉన్నది. మంచం పట్టిన మనిషిని కనిపెట్టుకొని ఉండే ఇంటి మనిషికి నెలకు 600 రూపాయలు అనుకున్నరు. ఎక్కువ పైసలు కావు. కానీ చూసుకునే మనిషి కూడా ఒక మనిషి అని లెక్కల రాసిండ్రు. అక్కడ ప్రభుత్వం రాసింది, ఇక్కడ మనం మన పుస్తకంల రాసుకోలేమా అని అడిగిన.

చివరికి మేము రాసుకున్న తీర్మానం ఇది.

ఒకటి. ఇంట్ల దీర్ఘకాల జబ్బు మనిషిని చూసుకునే సభ్యురాలు ఏడాదికి ఒక్కసారి దవాఖాన కాగితం చూపిస్తే చాలు. ప్రతివారం రుజువు అడగొద్దు. జబ్బు పేరు పుస్తకంల రాయొద్దు, "సంరక్షణ" అని మాత్రమే రాయాలె.

రెండు. రాలేని వారం పొదుపు, వాయిదా పక్కింటి సభ్యురాలితో పంపాలె. మీటింగు మాఫీ, పైసలు మాఫీ కాదు.

మూడు. ఎవరైనా చెప్పకుండ ఒక్కసారి రాకపోతే, జరిమానా రాసే ముందు ఇద్దరు సభ్యులు ఇంటికి పోయి అడగాలె.

నాలుగు. మనిషికి వారానికి 10 రూపాయల చొప్పున ఆపద నిధి. దవాఖాన ఖర్చుకు అయితే అదే రోజు ఇయ్యాలె. మొదటి రెండు నెలలు మిత్తి లేదు.

అయిదు. లీడరుకు వేరే నియమం లేదు.

ఏడాదికి ఒక్కసారే కాగితం అనే మాట ఆ అక్క చెప్పిందే. "ప్రతిసారి చిట్టీ పట్టుకొని నిలబడుడు అడుక్కునుడు లెక్క ఉంటది" అన్నది. ఆమె మాత్రం ఇంకా మళ్లీ చేరలేదు. అది ఆమె ఇష్టం. బిడ్డకు మందులు సరిగ్గ పడుతున్నయి, బడికి పోతున్నది.

ఏడాదిల ఏమైందంటే, హాజరు పడిపోలేదు. నడుము నొప్పి వదిన రోజూ వస్తున్నది. ఆపద నిధి నలుగురు వాడుకున్నరు. ఒకామె అత్తకు డయాలసిస్, ఒకామె భర్తకు బండి యాక్సిడెంట్, ఒకామె కాన్పు, నేను ఒకసారి. రెండు వాయిదాలు ఆలస్యంగ వచ్చినయి, ఆగిపోలేదు. తలుపు కొట్టుడు అనే నియమంతోనే ఎక్కువ మేలైంది. ఒక ఇంటికి పోతే ఆమె మూడు రోజుల నుండి జ్వరంతోని ఒక్కతే పడి ఉన్నది.

ఇప్పుడు ఈ మహాసభను మూడు అడుగుతున్న.

మొదటిది, ఈ సంరక్షణ తీర్మానం అన్ని సంఘాలల్ల పెట్టుకునేటట్టు సమాఖ్య ఒక నమూనా రాసి పంపాలె. జాలి అనేది లీడరును బట్టి మారుతది. రాసిన నియమం మారదు.

రెండోది, ట్రెయినింగులు, సర్వేలు, సభలకు పొద్దున ఫోన్ చేసి మధ్యాహ్నం రమ్మంటున్నరు. వారం ముందు చెప్తే మాలాంటి తల్లులు దవాఖాన తేదీ చూసుకొని వస్తరు. రావొద్దని కాదు, రావాలనే అడుగుతున్నం.

మూడోది, తల్లులకు తెలియాల్సిన మాటలు మీటింగుల చదవాలె. 2016 వికలాంగుల హక్కుల చట్టంల ఉన్న 21 రకాలల్ల థలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియా కూడా ఉన్నయి. ఎంత శాతం అనేది డాక్టర్లు చూసి రాస్తరు, అడగకపోతే ఎవ్వరూ ఇయ్యరు. మనకు దగ్గర్ల శివరాంపల్లిల థలసీమియా, సికిల్ సెల్ సొసైటీ ఉన్నది. 1998ల ఈ పిల్లల తల్లిదండ్రులు, డాక్టర్లు కలిసి పెట్టుకున్నది. పెండ్లికి ముందు, లేకపోతే కడుపుతో ఉన్న మొదటి నెలలల్లనే హెచ్‌బీ ఏ2 అనే రక్తపరీక్ష చేయించుకుంటే ముందే తెలుస్తది. మా చెల్లె పెండ్లికి ముందు మేము చేయించినం. అబ్బాయి వాళ్లు మొదట మొఖం చిట్లించిండ్రు, తర్వాత వాళ్లూ చేయించుకున్నరు.

ఇంకొక్క మాట. ఎండకాలంల సెలవులకు అందరు ఊర్లకు పోతరు, రక్తం ఇచ్చేవాళ్లు తక్కువైతరు. మా వాని మొఖం తెల్లబడుతుంటే మేము ఫోన్లు చేసుకుంట తిరుగుతం. మన చుట్టూ ఇన్ని ఆఫీసులు, ఇన్ని అపార్ట్‌మెంట్లు ఉన్నయి. అందులో పని చేసేది మనమే. ఏప్రిల్, మే నెలలల్ల ఒక్క రక్తదాన శిబిరం పెట్టమని మన సమాఖ్య పేరు మీద అడిగితే కాదనరనుకుంట.

వచ్చే శనివారం మా బాబుకు రక్తం ఎక్కించే రోజు. నేను మీటింగుకు ఉండను. పక్కింటి చెల్లెతో పొదుపు పైసలు పంపుత, పుస్తకంల "సంరక్షణ" అని రాస్తరు. ఈసారి ఆ మాట నా ఒక్కదాని కోసం రాసింది కాదు కాబట్టి, బస్సుల కూర్చున్నప్పుడు నాకు సిగ్గు ఉండదు.