దాహము తీర్చుకొని నడవండి

(ఉగాది పాదయాత్రకు సంకల్పించిన భక్తుల, చలివేంద్ర దాతల సమావేశంలో ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయులు చేసిన ప్రసంగపాఠం)



నిర్వాహకులు నాకు ఒప్పగించిన విషయం ‘పాదయాత్రా మాహాత్మ్యము’. మాహాత్మ్యం చెప్పడానికి నాకంటె పెద్దలు ఈ వేదికమీద ఉన్నారు. ముప్పై సంవత్సరాలు సంస్కృతం బోధించినవాణ్ణి కనుక శ్లోకాలు వల్లించడం నాకు కష్టం కాదు. అయినా ఈనాడు నేను నీళ్ళను గురించి మాట్లాడదలచాను. తెలిసిన ఒక్క శ్లోకాన్ని నేను సమయానికి చెప్పకపోవడంవల్ల మా బావగారికి ప్రాణం మీదికి వచ్చింది. ఆ సంగతిని మీ ముందు దాచకుండా విన్నవించుకోవాలని వచ్చాను.

ఆత్మకూరు మీదుగా వెంకటాపురం చేరి అక్కడినుండి నల్లమలలో ప్రవేశించే మార్గం శ్రీశైలానికి పూర్వకాలపు కాలిబాటలలో ఒకటి. నాగలూటిలో వీరభద్రస్వామిని సేవించుకొని, పెద్దచెరువు దాటి, భీముని కొలను లోయలోకి దిగి, మరల పైకెక్కి కైలాసద్వారం చేరాలి. ఆపైన హాటకేశ్వరం, తరువాత స్వామి సన్నిధి. వెంకటాపురం నుండి లెక్కించినా నలభై కిలోమీటర్లకు తక్కువ కాదు. పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో పర్వత ప్రకరణమని ఒక ప్రకరణాన్నే ఈ కొండకు కేటాయించాడు. 14వ శతాబ్దంలో రెడ్డిరాజ్యాన్ని స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబలానికి సోపానాలు కట్టించాడు. నడిచేవాడి పాదం నొవ్వకూడదని రాజు ఆలోచించిన దేశం మనది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దల మాట. అది మొదలు నెల తిరిగేసరికి ఉగాది. ఆ నెలరోజులలోనే నల్లమల స్వరూపం మారిపోతుంది. అడవి అనగానే నీడ అని మనం ఊహించుకుంటాం. అది ఆకురాల్చే అడవి. టేకు చెట్లు మోడులై నిలిచి ఉంటాయి. వెదురుపొదలు ఎండి గలగలలాడుతూ ఉంటాయి. పైనుండి సూర్యుడు, కిందనుండి కాగిన బండరాయి, మధ్యలో మనం. ఊరిలోనైతే ఏదో ఒక పంచ కింద నిలబడవచ్చు. అక్కడ రాలిన ఆకులమీద మన నీడ ఒక్కటే నడుస్తుంది.

అటువంటి ఎండలో కర్ణాటకనుండి లక్షల సంఖ్యలో భక్తులు నడచి వస్తారు. బెళగావి, బాగల్‌కోట, విజయపుర ప్రాంతాలనుండి కొందరు నాలుగైదు వందల కిలోమీటర్లు నడుస్తారు. భుజాన కంబి మోసేవారు కొందరు, కట్టెకాళ్ళమీద నడిచేవారు మరికొందరు. భ్రమరాంబాదేవి వారికి ఇంటి ఆడపడుచు. పండుగకు అత్తవారింట ఉన్న బిడ్డను చూడబోయినట్లు చీర, సారె, పసుపు కుంకుమలు పట్టుకొని వస్తారు. చెంచులేమో మల్లన్నను తమ అల్లుడని చెప్పుకుంటారు. ఇందరు చుట్టాలున్న దేవుడు మనకు మరొకచోట కనబడడు.

ఇక నా కథ. పన్నెండు సంవత్సరాలైంది. మా అక్కయ్య కొడుకుకు పెద్ద జబ్బు చేసి నయమైంది. బావగారు మొక్కుకున్నారు. అప్పటికి ఆయనకు అరవైరెండేళ్ళు. రక్తపోటుకు మాత్రలు వేసుకునేవారు. అడవిలో అడుగుపెట్టింది మొదలు సూర్యోదయం నుండి సూర్యాస్తమయం వరకు పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా నడచి స్వామిని దర్శిస్తానని సంకల్పం. వెంట నేను బయలుదేరాను. “నిప్పుల్లో నడిచినట్టుంటుందిరా, చేయగలనా?” అని ఆయన నన్ను అడిగారు. నేను తపస్సును గురించి, పార్వతీదేవి పంచాగ్నిమధ్యంలో నిలిచిన ఘట్టాన్ని గురించి అరగంట చెప్పాను. చెప్పేటప్పుడు నా కంఠం నాకే ఇంపుగా వినిపించింది.

మొదటి దినం గడిచింది. రాత్రి నాగలూటిలో ఆయన చెంబెడు నీళ్ళు ఒక్క గుక్కలో తాగి, రెండు ముద్దలైనా తినకుండా పడుకున్నారు. మూత్రం పచ్చగా, కొద్దిగా మాత్రమే వస్తున్నదని మరునాటి తెల్లవారుజామున మాటవరుసకు అన్నారు. ఆ మాటకు అర్థం నాకు తెలియలేదు.

రెండవనాడు పెద్దచెరువు దాటి కొంతదూరం నడిచాం. మధ్యాహ్నం రెండు కావస్తున్నది. అంతవరకు చొక్కా తడిసి ముద్దగా ఉన్నదల్లా పొడిగా అయిపోయింది. చెమట పట్టడం లేదు, శరీరం అలవాటు పడింది కాబోలునని నేను సంతోషించాను కూడా. బావగారు దారి వదలి పక్కకు నడవసాగారు. “బావా, అటు కాదు” అంటే, “అమ్మ పిలుస్తోంది, పోయొస్తా” అన్నారు. ఆ తల్లి గతించి పాతికేళ్ళైంది. చేయి పట్టుకుంటే పెనం మీద చేయి పెట్టినట్లున్నది. రెండడుగులు వేసి ఒక బండమీద ఒరిగిపోయారు.

నా సీసాలో నీళ్ళున్నాయి. చేతిలో నీళ్ళు పట్టుకొని నేను ఆలోచించాను, దీక్షాభంగం అవుతుందేమోనని. ఎంతసేపు ఆలోచించానో చెప్పలేను. ఒక నిమిషం కావచ్చు. ఆ నిమిషం ఇప్పటికీ నాకు గుర్తుకు వస్తూనే ఉంటుంది.

వెనుకనుండి ఒక కన్నడ బృందం వచ్చింది. అందులో డెబ్బై ఏళ్ళ ముసలమ్మ ఒకరు. ఆమె నన్ను ఏమీ అడగలేదు. ఇద్దరు యువకులు బావగారిని మోసి బండచాటున ఉన్న కొద్దిపాటి నీడలో పడుకోబెట్టారు. చొక్కా విప్పారు. నేను సీసా మూత తీసి నోట్లో పోయబోతే ఆమె నా చేయి పట్టి ఆపింది. స్పృహలేని మనిషి నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని తరువాత డాక్టరుగారు చెప్పగా తెలిసింది. ఆమె తన మూట విప్పి అందులోనుండి మడత చెదరని ఇల్కల్ చీర తీసింది. అమ్మవారికి తెచ్చిన చీర అది. బిందెలో ముంచి తడిపి ఆయన మెడకు, చంకలకు, తొడలకు చుట్టింది. యువకులు తువ్వాళ్ళతో విసురుతూనే ఉన్నారు. చీర ఆరుతుంటే మళ్ళీ తడిపింది. బృందంలోని నీళ్ళన్నీ అయిపోయాయి.

“అమ్మా, అది అమ్మవారి చీర గదా!” అన్నాను. నా నోట ఆ సమయంలో వచ్చిన మాట అది!

“నమ్మ మగళు బైయోదిల్ల” అన్నది ఆమె. మా బిడ్డ తిట్టదులే, అని.

ఇరవై నిమిషాలకు బావగారు కళ్ళు తెరచి నీళ్ళడిగారు. అప్పుడు గుక్కగుక్కగా తాగించారు. దుప్పటిని కర్రకు కట్టి డోలీ చేసి పెద్దచెరువు చెంచుగూడెం దాకా వారే మోశారు. అక్కడ ఒక చెంచు గృహస్థు తన గుడిసెలో చోటిచ్చి రాత్రంతా మేలుకొని ఉన్నాడు. మరునాడు ఆసుపత్రికి చేర్చాం. వడదెబ్బ మూత్రపిండాలను తాకిందని, మరో గంట ఆలస్యమైతే దక్కేవారు కారని అక్కడి డాక్టరుగారు చెప్పారు. ఆయన లేచి నడవడానికి మూడు నెలలు పట్టింది.

అక్కయ్య నన్ను ఒకే ఒక్క మాట అన్నది. “మొక్కుకున్నది ఆయన, సరే. నువ్వు చదువుకున్నోడివి గదరా, నీకు తెలీదా?”

నాకు తెలుసు. మహాభారతం ఉద్యోగపర్వంలో, విదురనీతిలో, వ్రతాన్ని భంగపరచనివి ఎనిమిది ఉన్నాయని చెప్పబడింది. నీరు, కందమూలాలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువుగారి మాట, ఔషధం. ఆ జాబితాలో మొదట వచ్చేది నీరే. ఆ శ్లోకాన్ని నేను తరగతిలో ఎన్నిసార్లు నల్లబల్లమీద వ్రాశానో లెక్కలేదు. బావగారు చేయగలనా అని అడిగిననాడు అది నాకు జ్ఞాపకం రాలేదు. వచ్చినా చెప్పేవాణ్ణి కానేమో. ఆయన కఠినవ్రతానికి నేను వ్యాఖ్యాతనని అప్పుడు నాకు గర్వంగా ఉండేది.

ఈ ఏడాది నడవబోయేవారు నా మాటలు కొన్ని వినండి. తెల్లవారకముందే లేచి సిద్ధంకండి. అడవిలో అటవీశాఖవారు అనుమతించిన వేళలోనే అడుగుపెట్టండి. అది పెద్దపులుల అభయారణ్యం. పది గంటల తరువాత ఎక్కడ నీడ దొరికితే అక్కడ ఆగిపోండి. నాలుగు దాటాక, చీకటి పడకముందు చేరుకోగలమనుకుంటేనే మళ్ళీ కదలండి. దప్పిక కాకముందే తాగండి. ఉత్త నీళ్ళే తాగుతూ పోతే చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాదు; మజ్జిగలో ఉప్పు వేసుకోండి. లేదా లీటరు నీటికి ఆరు చిన్నచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలుపుకోండి. చెంచాలు తలగొట్టినవి కావాలి, రాశిపోసినవి కాదు. రక్తపోటుకు, గుండెకు మందులు వాడేవారు, ముఖ్యంగా మూత్రం జారీచేసే మాత్రలు వేసుకునేవారు, బయలుదేరకముందే మీ డాక్టరుతో మాట్లాడండి. మా బావగారు వేసుకునేవి అవే. మేము ఎవరినీ అడగలేదు. నడిచేటప్పుడు తోటివారితో మాట్లాడుతూ ఉండండి. మాట తడబడినా, పొంతన లేని సమాధానం వచ్చినా ఆయన భక్తిపారవశ్యంలో ఉన్నాడని అనుకోకండి. నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, విసరండి. ఎవరినైనా సహాయానికి పంపండి. చరవాణి అడవిలో అందదు; మాకు అందలేదు.

దాతలకు కూడా ఒక మనవి, కొంచెం నిష్ఠురంగా ఉంటే మన్నించండి. ఆ సంవత్సరం మేము నడిచిన దారిలో ఒకే మలుపు దగ్గర నాలుగు చలివేంద్రాలు, నాలుగు ఫ్లెక్సీలు కనబడ్డాయి. అక్కడ జనం ఎక్కువ, ఫొటోలు తీసేవారూ ఎక్కువ. తరువాత చాలాదూరం ఒక్క కుండ లేదు. వైశాఖంలో నీటికుండను దానం చేయడాన్ని పెద్దలు ధర్మఘటదానమన్నారు. ఆ కుండ ఇచ్చేటప్పుడు దానిమీద పేరు వ్రాయించుకోవాలని వారు చెప్పినట్లు నేనెక్కడా చదవలేదు. ఆత్మకూరు నుండి వెంకటాపురం దాకా పొలాల మధ్య ఎండదారి ఉన్నది. అడవి చేరకముందే మనిషి అక్కడ సగం ఎండిపోతాడు. మొదటి కుండ అక్కడ పెట్టండి. అడవి లోపలైతే అటవీశాఖ అనుమతితోనే. ప్లాస్టిక్ పొట్లాలు, సీసాలు వద్దు. మట్టికుండ, మూత, కాడ ఉన్న గరిటె, పక్కన ఉప్పు డబ్బా. నీళ్ళు మధ్యాహ్నానికే అయిపోతాయి కనుక ఒకసారి నింపి ఇంటికి వెళ్ళిపోకుండా, రెండవసారి నింపడానికి ఒక మనిషి ఉండాలి. డబ్బుకంటె ఆ మనిషి దొరకడమే కష్టం.

మరుసటి ఉగాదికి అక్కయ్య ఇల్కల్ చీర కొని, ఆ ముసలమ్మకోసం శ్రీశైలంలో కన్నడ బృందాలన్నీ రెండు రోజులు వెదికింది. ఊరిపేరు అడగాలని కూడా నాకు ఆనాడు తోచలేదు. చివరకు ఆ చీరను అమ్మవారికే సమర్పించి వచ్చింది. బావగారు మళ్ళీ నడవలేదు. ఏటా ఫాల్గుణంలో మా ఊరి రోడ్డు మీద పందిరి వేసి, కుర్చీ వేసుకొని కూర్చుంటారు. కంబి మోసుకొచ్చేవారిని ఆపి గ్లాసు చేతికిస్తారు. దీక్షలో ఉన్నామని ఎవరైనా అంటే, నావైపు చూపిస్తారు. అప్పుడు నేను లేచి ఆ శ్లోకం చెబుతాను.

ఈ సంవత్సరం రెండవసారి కుండలు నింపడానికి పగటిపూట ఉండగలిగినవారు ఇరవైమంది కావాలి. సభ ముగిసిన తరువాత నేను వెనుక వరుసలో, తలుపు పక్కన పుస్తకం పెట్టుకొని కూర్చుంటాను. పేర్లు అక్కడ వ్రాయించండి.